అసగిరి ద్వారం

మొదటి పొద్దు

అసగిరి చేరాను. మా కొత్తవలస నుంచి ఇక్కడికి గుహ లోపలే నడిస్తే గంట కూడా పట్టదు. కాని మధ్యలో ద్వారం ఉంది, అది ఎప్పుడూ మూసే ఉంటుంది. అది తెరవగా చూసినవాళ్ళు మా తరంలో ఎవరూ లేరు. అందుకే పైకెక్కి, అంతరిక్ష దుస్తులు తొడుక్కుని, బండి మీద కొండ చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. బండి మా అన్నయ్య కోటేశు నడిపాడు. నన్ను దింపేసి, ఏడుస్తానేమోనని కాసేపు చూసి, నేను ఏడవకపోయేసరికి కొంచెం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

మా రెండు ఊళ్ళదీ ఒకటే గుహ. ఎన్నడో లావా పారి, చల్లారి, చంద్రుడి పొట్టలో మిగిలిపోయిన పొడవాటి గొట్టం. తూర్పు కొసన మేం మూడువందల మందిమి. మా తాతలు భీమిలి నుంచీ శ్రీకాకుళం నుంచీ లోహాలు కరిగించే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పడమటి కొసన జపాన్ వాళ్ళ అసగిరి. అరవై, డెబ్బై మంది ఉంటారు, అందరూ పెద్దవాళ్ళే. అసగిరి అంటే ఉదయపు మంచు అట. గాలే లేని చంద్రుడి మీద ఊరికి ఆ పేరు పెట్టుకున్నవాళ్ళంటే నాకు వినగానే ఇష్టం కలిగింది.

గుమ్మం దగ్గర నా చెవిలోని పలుకుపూస తీసి ఇమ్మన్నారు. ఏ భాష మాట్లాడినా తెలుగు చేసి వినిపించే ఆ పూస మా ఊళ్ళో పళ్ళు రాని పిల్లలకు కూడా పెడతారు. అసగిరిలో అది నిషేధం. మనిషి మాట మనిషి చెవికే చేరాలని ఈ ఊరు కట్టినవాళ్ళు పెట్టుకున్న నియమం. పూస తీయగానే ఎదురుగా ఉన్న ముసలాయన మాట గలగలమని శబ్దంగా మిగిలిపోయింది. నీళ్ళలో మునిగినట్టయింది నాకు.

అసగిరి బడిలో పిల్లలు లేరు. బడి మూతపడకూడదని పక్క ఊరి నుంచి ఒక విద్యార్థిని పంపమని అడిగారు. మా ఊరి పెద్ద పైడిరాజు బాబాయ్ నన్ను పంపాడు. "సెవిలో పూస ఉండగా బాస నేర్సుకోడమేటి గుంటా," అంటూనే, "అయినా ఆల్లు పిలిసినారు, ఎల్లు. పక్కూరోల్లతో మంచిగుంటే మనకే మంచిది," అన్నాడు.

నాకు పాఠం చెప్పేది ఇవాసె గారు. డెబ్బై దాటిన పొట్టి మనిషి, వెన్ను మాత్రం నిటారుగా ఉంటుంది. అసగిరిలో తెలుగు వచ్చిన ఒకే ఒక్కరు ఆవిడ, అదీ పుస్తకాల తెలుగు. ఈ రాత కూడా ఆవిడ చెప్పిన పనే. పొద్దుకొకసారి నీ భాషలో రాయి, సొంత భాష మీద నిలబడకపోతే కొత్త భాషను అందుకోలేవు అన్నారు. పొద్దు అన్న మాట ఆవిడకు కొత్త. చంద్రుడి పగలూ రాత్రీ కలిపి ఒక పొద్దు అంటామని, భూమి లెక్కలో దాదాపు నెల అని చెప్పాను. ఆ మాటను ఆవిడ నల్లరాతి పలక మీద నా చేతే రాయించుకున్నారు.

రెండో పొద్దు

వీళ్ళకు అక్షరమాలలు రెండు. మొదటిది మన అక్షరాల్లాగే వంపులు తిరిగి ఉంటుంది, చేయి త్వరగా మాట విన్నది. రెండోది బయటి భాషల మాటలు రాయడానికి. అవి కత్తితో గీసినట్టు ఉంటాయి. నా పేరు వాటితోనే రాయాలి. సు, గు, న. మన ణ వాళ్ళకు లేదు. వాళ్ళ భాషలో సుగు అంటే వెంటనే అని అర్థమట. నేను మూడు రోజులు వరసగా ఆలస్యంగా వెళ్ళాక ఇవాసె గారు ఆ సంగతి చెప్పారు. పేరులో వెంటనే ఉంది, మనిషిలోకి ఎప్పుడు వస్తుంది అని అడిగారు. మొహం మాత్రం నవ్వలేదు.

ఈ రెండింటి పైన బొమ్మ అక్షరాలు, వేలకొద్దీ. ఒక్కో అక్షరం ఒక్కో మాట. రాసేది నీళ్ళతో. నల్లరాతి పలక మీద కుంచె నీళ్ళలో ముంచి గీస్తే అక్షరం మెరుస్తుంది, ఆరిపోతే మాయమవుతుంది. ఆరేలోపల చదివి గుర్తుపెట్టుకోవాలి. గీతలకు వరస ఉంది. ఆకారం సరిగ్గా వచ్చినా వరస తప్పితే ఆవిడకు ఎలాగో తెలిసిపోయేది. నా వెనక నిలబడి ఉండి, చూడకుండానే, మళ్ళీ అనేవారు.

మొదట చంద్రుడు నేర్చుకున్నాను. నిచ్చెనలా ఉంటాడు. తర్వాత ఉదయం. ఉదయం అన్న అక్షరంలో ఒక పక్కన చంద్రుడు ఇంకా వెళ్ళిపోకుండా నిలబడి ఉంటాడు. అది చూసి నేను పలక ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. ఆరిపోయింది, మళ్ళీ గీశాను.

నమస్కారం నేర్చుకోవడం ఇంకో అవస్థ. ఇక్కడి బరువు తక్కువ కాబట్టి గబుక్కున వంగితే పాదాలు నేల మీంచి లేస్తాయి. అసగిరి వాళ్ళు కాలివేళ్ళతో నేలలోని కమ్మీని పట్టుకుని, నెమ్మదిగా, నూనె కారినట్టు వంగుతారు. నేను మొదటి వారమంతా గురువుగారి ముందు గాలిలో పల్టీ కొట్టాను.

మూడో పొద్దు

తెర మీద అన్నయ్య మాట్లాడాడు. మా ఊరి కప్పులో, గుహ నోటి దగ్గర, పగులు కనిపించిందట. సూర్యోదయమైన రెండు రోజులకు రాయి వేడెక్కి చంద్రుడు ఎప్పుడూ కాస్త కదులుతాడు. గిన్నెలు చప్పుడు చేస్తాయి, అంతే. ఈసారి పగులు మీద అతికించిన గాజు పట్టీ విరిగింది. పట్టీ విరిగిందంటే పగులు వెడల్పయిందన్నమాట. "వెంట్రుకంతే ఉందిలేయే," అన్నాడు. అన్నయ్య నన్ను ఊరడిస్తున్నప్పుడు అతని గొంతు చిన్నప్పటి నుంచీ ఒకేలా ఉంటుంది. నాకు భయం వేసింది.

ఆ వారం గుమ్మం అక్షరం నేర్చుకున్నాను. రెండు తలుపులు ఎదురెదురుగా నిలబడినట్టు ఉంటుంది. ఆ రెండు తలుపుల మధ్య నోరు పెడితే అడగడం. చెవి పెడితే వినడం. రెండు చేతులు అడ్డకర్ర తీస్తున్నట్టు గీస్తే తెరవడం. ఒకే గుమ్మం, మధ్యలో ఏది నిలబడిందో చూసుకుని చదవాలి.

నాలుగో పొద్దు

ఇప్పుడు మర్యాద మాటలు మొదలయ్యాయి. ఒకే పనికి మూడు క్రియలు. మామూలుగా అన్నాను అనడానికి ఒకటి, ఎదుటివారు అన్నారు అనడానికి ఇంకొకటి, వారి ముందు నేను అన్నాను అని తగ్గి చెప్పడానికి మూడోది. తల తిరిగింది. ఇంత మెట్లెక్కి దిగే భాష ఎవరు కనిపెట్టారా అనుకున్నాను.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. ఏటా మా ఊళ్ళో ఆడే పౌరాణిక నాటకంలో ఆయనది మంత్రి వేషం. రాజుగారు సెలవిస్తారు, మంత్రి మనవి చేసుకుంటాడు, భటుడు ఊరికే అంటాడు. అనడమే, మూడు మాటలు. రాజుగారు విచ్చేస్తారు, భటుడు వస్తాడు. ఈ మెట్లు మా ఇంట్లోనూ ఉన్నాయి, నాటకాల పెట్టెలో పెట్టి మూత వేశాం. ఆ సంగతి ఇవాసె గారికి చెబితే ఆవిడ మొదటిసారి నా ముందు పైకి నవ్వారు. ఆ సాయంత్రం పాఠం మానేసి, మంత్రి మాటలన్నీ నా చేత చెప్పించుకున్నారు.

పొంగిపోయి మర్నాడే పరువు పోగొట్టుకున్నాను. పెద్దల సభకు అధ్యక్షురాలైన కుసునోకి గారు బడి చూడడానికి వచ్చారు. ఎనభై దాటిన ఆవిడ గొంతు పక్షి ఈక కింద పడ్డంత మెత్తగా ఉంటుంది. నేను వంగి, వేళ్ళతో కమ్మీ గట్టిగా పట్టుకుని, "నేను కొత్తవలస నుంచి విచ్చేశాను," అన్నాను. రాజుగారి క్రియ నాకే తగిలించుకున్నాను. గదిలో ఎవరూ నవ్వలేదు. కుసునోకి గారు అంతే గంభీరంగా, మీరు విచ్చేయడం మా అదృష్టం అన్నారు. బతికానని ఆ రోజు ఆవిడను మనసులో తలచుకున్నాను.

ఐదో పొద్దు

రెండో గాజు పట్టీ కూడా విరిగింది. ఈసారి కప్పు నుంచి పొడి రాలింది. పగులుకు లోపలి నుంచి అతుకు వేస్తున్నారు గాని, సూర్యోదయం వచ్చినప్పుడల్లా రాయి అతుకును తోసేస్తోంది. బయటి నుంచి బిగించాలంటే చాలా పొద్దులు పడుతుంది. ఆలోపు కప్పు తెగితే ఊళ్ళో గాలి పోతుంది. మా దగ్గర అంతరిక్ష దుస్తులు ఇరవై జతలకు మించి లేవు, పిల్లల కొలతవి అసలే లేవు. మూడువందల మందీ బతకాలంటే గుహలోంచే అసగిరిలోకి దాటాలి. ద్వారం ఒక్కటే దారి.

పైడిరాజు బాబాయ్ తెర మీద పెద్దల సభతో మాట్లాడాడు. అటువైపు పూసలు ఉన్నాయి, మావాళ్ళ మాటను జపనీస్ చేసి తెరలోంచి ఇటు పంపేదీ అవే. ఇటువైపు, అసగిరి సభలో, టీ అందించే పని నాది. బాబాయ్ అడిగాడు. కుసునోకి గారు చాలాసేపు ఆలోచించి ఒక వాక్యం అన్నారు. తెర అవతల పూస దాన్ని, మీ కోరికను సానుకూలంగా పరిశీలిస్తాం అని వినిపించింది. తెర మీద మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఈ గదిలో మాత్రం ఒక్కరు కూడా తల ఎత్తలేదు.

ఎందుకో ఇవాసె గారిని అడిగాను. ఆ మాట విన్నాక మళ్ళీ ఎప్పుడు అని అడగనివాళ్ళను మేము మర్యాద తెలిసినవాళ్ళంటాం అన్నారు ఆవిడ. నాకు అర్థమయ్యేసరికి చేతిలో కప్పు చల్లారింది. అది కాదని చెప్పడం.

బాబాయ్‌కి నేనే చెప్పాను. "కాదంటే కాదని సెప్పొచ్చు కదేటమ్మా. నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు. కోపం కంటే దెబ్బ తిన్న గొంతు అది.

ఆరో పొద్దు

ఇన్నాళ్ళూ ఇక్కడ పరాయిదాన్నయ్యానన్న బాధ కలగలేదు. ఈ పొద్దు కలిగింది. మావాళ్ళను చావమంటున్నవాళ్ళ ఇంట్లో కూర్చుని, వాళ్ళను గౌరవించే క్రియలు బట్టీ పడుతున్నాననిపించింది. ఇవాసె గారి ముందు కుంచె పక్కన పెట్టేశాను. ఆవిడ పలక కడిగి, తనే నా పాఠం రాసుకుంటూ కూర్చున్నారు.

మళ్ళీ సభ. ఈసారి బాబాయ్ ఓర్పు అయిపోయింది. మీరు తలుపు తీస్తారా, మమ్మల్నే దాన్ని కోసుకోమంటారా అని అడిగాడు. మా ఊళ్ళో అయితే అది కడుపు మండిన పెద్దమనిషి ప్రశ్న. పూస దాన్ని జపనీస్‌లోకి మార్చి ఈ గదిలో వినిపించినప్పుడు, తెరువు, లేకపోతే కోస్తాం అన్న ఆజ్ఞలా మోగింది. మర్యాద క్రియ మాట అలా ఉంచి, మామూలు క్రియ కూడా కాదు. కుక్కను అదిలించే క్రియ. ఇన్నేళ్ళుగా మా మాటలు వీళ్ళకు ఇలాగే వినిపిస్తున్నాయని అప్పుడు తెలిసింది. నాకు సిగ్గూ జాలీ ఒకేసారి కలిగాయి, ఎవరి మీదో చెప్పలేను.

తెర ఆరిపోయింది. నేను కప్పులు తీస్తున్నాను. కుసునోకి గారు తన చేతులు చూసుకుంటూ, ఎవరితోనూ కాకుండా, చిన్నగా ఒక మాట అన్నారు. తెరవకపోవడం కాదు, తెరుచుకోకపోవడం.

వాళ్ళ భాషలో ఆ రెంటికీ తేడా ఒక్క అచ్చు. అకెనాయ్ అంటే తెరవం. అకనాయ్ అంటే తెరుచుకోదు. మొదటిదానిలో మనిషి ఉన్నాడు. రెండోదానిలో తలుపు మాత్రమే ఉంది. కప్పులు అక్కడే పెట్టేశాను.

తిన్నగా ఇవాసె గారి దగ్గరికి వెళ్ళి, ద్వారం పాడైందా అని అడిగాను. ఆవిడ తలుపు మూసి కూర్చోబెట్టారు. ద్వారం బాగోగులు చూసుకునే బాధ్యత ఒప్పందం ప్రకారం అసగిరిదట. ఇటువైపున ఉన్న దాని చక్రాలలో చంద్రధూళి చేరి బిగుసుకుపోయింది. అంచున ఉన్న రబ్బరు పట్టీ గట్టిపడి చట్రానికి అతుక్కుపోయింది. ఇక్కడి ముసలి చేతులు ఎన్నోసార్లు ప్రయత్నించి ఓడిపోయాయి. పొరుగువాళ్ళ ప్రాణం ఆధారపడిన తలుపును మేం చెడగొట్టుకున్నామని చెప్పడానికి కుసునోకి గారికి నోరు రావడం లేదు. అది చెప్పే బదులు, తెరవనివాళ్ళన్న చెడ్డపేరు మోస్తున్నారు.

పాడైన తలుపులు బాగుచేయడమే మావాళ్ళ బతుకు. కొలిమి తలుపులకు పట్టీలు వేయని రోజు మా ఊళ్ళో ఉండదు. అన్నయ్యకు ఇప్పుడే చెబుతానని లేచాను. ఇవాసె గారు నా చేయి పట్టుకున్నారు.

"మీరు వచ్చి బాగుచేస్తామంటే, చెడిందని మేము ఒప్పుకోవాలి. ఒప్పుకోలేకనే కదా ఇంత దూరం వచ్చింది. సాయం చేస్తామని చెప్పవద్దు, సుగుణ గారూ. సాయం అడగండి."

పలక దగ్గరికి తీసుకెళ్ళి ఆవిడ ఒక క్రియ రాశారు. బాగుచేయడం. దానికి ఒక తోక, బాగుచేయనివ్వడం. దానికి ఇంకో తోక, ఆ అనుమతిని నేను రెండు చేతులా పుచ్చుకోవడం. చివర ప్రశ్న. బాగుచేసే భాగ్యం మేము పొందవచ్చా? చేసేవాళ్ళు పుచ్చుకునేవాళ్ళయ్యారు, పుచ్చుకునేవాళ్ళు ఇచ్చేవాళ్ళయ్యారు. పని మాత్రం అదే. నేను ఆ వాక్యం గొంతు బొంగురుపోయేదాకా చెప్పుకున్నాను.

బాబాయ్‌ని ఒప్పించడం అంతకంటే కష్టమైంది. సాయం చేసేదీ మనమే, బతిమాలేదీ మనమేనా అన్నాడు. ముసలావిడ సిగ్గుతో కుంగిపోతోంది బాబాయ్, ఆవిడ తల దించకుండా తలుపు తీయించాలి, అంతే అన్నాను. ఆయన ఆవిడ వయసు అడిగాడు. చెప్పాను. మా అమ్మ ఈడు అన్నాడు. కాసేపటికి, "నోరు నీది, సేతులు మావి. అడుగు," అన్నాడు.

ఏడో పొద్దు

అడిగాను.

సభ మధ్యలోకి నడిచి, కమ్మీ పట్టుకుని, నూనె కారినట్టు వంగాను. పాదాలు నేల మీదే ఉన్నాయి. గుండె మాత్రం లేదు. ఏం అన్నానో తెలుగులో ఇక్కడ రాస్తున్నాను.

"కొత్తవలస వారు తమ ఎదుట ఒక మనవి చేసుకుంటున్నారు. మావారు తరతరాలుగా తలుపుల పని నేర్చినవారు. కాని ఇంత గొప్ప ద్వారం మీద చేయి వేసే అవకాశం వారికి ఎన్నడూ దొరకలేదు. దీనిని బాగుచేసే భాగ్యం మేము తమ వద్ద పొందవచ్చునా?"

ఎవరూ కదలలేదు. పొరపాటున మళ్ళీ రాజుగారి క్రియ నాకే తగిలించుకున్నానేమోనని వాక్యమంతా మనసులో వెనక్కి నడిచి చూసుకున్నాను. లేదు. ఎక్కడా తప్పు లేదు.

కుసునోకి గారు లేచారు. ఆవిడ లేవడానికి సమయం పడుతుంది, అందరూ ఆగారు. నాకంటే కిందికి వంగారు. ఆ వయసులో ఆ వంగడం ఎంత కష్టమో దగ్గర నుంచి చూశాను. ద్వారాన్ని మీ చేతులకు అప్పగిస్తున్నాము, ఆలస్యమైనందుకు మన్నించండి అన్నారు. ఈసారి పరిశీలన లేదు, సానుకూలం లేదు. క్రియ పూర్తిగా ఉంది, వాక్యం చివర గట్టిగా ఆగింది.

బయటికి వచ్చాను. ఇవాసె గారు నడవాలో నిలబడి ఉన్నారు. నా గీతల వరస సరిగ్గా ఉందా అని అడిగాను. సరిగ్గా ఉంది అన్నారు. ఇన్ని పొద్దుల్లో ఆవిడ నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. మా గదికి పరిగెత్తి తెర మీద అన్నయ్యను పిలిచి, ఏమీ చెప్పకుండా నవ్వాను. అతనికి అర్థమైంది. వెనక్కి తిరిగి ఊరంతా వినేలా అరిచాడు.

ఎనిమిదో పొద్దు

మావాళ్ళు పనిముట్లతో కొండ చుట్టూ తిరిగి వచ్చారు. అన్నయ్య, బాబాయ్, కొలిమి పనివాళ్ళు. సూర్యోదయానికి ముందు ముగించాలి. గట్టిపడిన పట్టీని వేడిచేసి ఒలిచారు, చక్రాలు ఒక్కొక్కటే విప్పి ధూళి కడిగారు, మా రబ్బరు కరిగించి కొత్త పట్టీ పోశారు. అసగిరి పెద్దలు దీపాలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. చేతులు నొప్పి పుట్టినా ఎవరూ దించలేదు. భోజనాల వేళ అన్నం ముద్దలు చుట్టి తెచ్చారు. మావాళ్ళు వాటిలో ఆవకాయ నంజుకు తిన్నారు, వాళ్ళకూ పెట్టారు. ఒకాయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా మళ్ళీ చేయి చాపాడు.

ఇక్కడ పూసలు లేవు కాబట్టి నేనే అందరి నోరూ. బాబాయ్ ఒకే ఒక్క మాట నేర్చుకున్నాడు, ఒసొరె ఇరిమస్. మీ దయకు నేను తగను అని అర్థం. అన్నం పెట్టినవారికి, దీపం పట్టినవారికి, చివరికి మొరాయించిన చక్రానికి కూడా అదే చెప్పాడు. కుసునోకి గారు చేతి వెనక నవ్వు దాచుకోవడం చూశాను.

తలుపు కదిలిన రోజు అరచేయి పట్టేంత సందు వచ్చింది. అందులోంచి పోపు వాసన వచ్చింది. మా ఊరి వాసన. సందుకు అవతల పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కళ్ళు పెట్టి చూస్తున్నారు.

తొమ్మిదో పొద్దు

అందరం బతికి ఉన్నాం. ముందు అది రాసేస్తున్నాను.

సూర్యోదయమైన రెండో రోజు, మామూలుగా గిన్నెలు చప్పుడయ్యే వేళకు, గుహ మొత్తం గట్టిగా ఊగింది. కప్పు తెగిందని అన్నయ్య గంట కొట్టాడు. పెద్ద కన్నం కాదు, సన్నగా ఈలలా గాలి పోతోందట. కాసేపు వ్యవధి ఉంది. ద్వారం రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. అప్పటికే సామాన్లు కట్టుకున్నవాళ్ళు కట్టుకున్నట్టే నడిచి వచ్చారు. పసిబిడ్డలు, ముసలివాళ్ళు, కోళ్ళ గంప, నాన్న మంత్రి వేషం కిరీటం. నేను ఇవతల నిలబడి ఎవరు ఏ వీధికి వెళ్ళాలో రెండు భాషల్లోనూ చెబుతున్నాను.

కుసునోకి గారు గడప మీద నిలబడ్డారు. ఇంటికి వచ్చినవారిని గడప దగ్గర ఎదుర్కోవడం ఇంటి పెద్ద పని. లోపలికి వస్తున్న ప్రతి మనిషికీ వంగి నమస్కరించారు. మావాళ్ళు బరువులతో వంగలేక తలలూపుతూ దాటారు. పిల్లలు మాత్రం తిరిగి వంగి, గాలిలోకి లేచి, నవ్వుకుంటూ వచ్చారు.

అందరికంటే చివర బాబాయ్ దాటాడు. ఆయనకు కూడా ఆవిడ వంగారు. అప్పుడే అటువైపు గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది. ఒత్తిడి పడితే రెక్కలు వాటంతట అవే మూసుకుంటాయి, ద్వారం పుట్టిందే అందుకు. కొత్త చక్రాల మీద అవి చప్పుడు లేకుండా పరిగెత్తుకు వచ్చాయి. కుసునోకి గారు ఇంకా వంగే ఉన్నారు. ఆవిడ తల సరిగ్గా రెక్క దారిలో ఉంది.

నేను మర్యాదగా మొదలుపెట్టాను. తమకు శ్రమ కలిగిస్తున్నందుకు అన్న దాకా వచ్చాను. వాళ్ళ భాషలో క్రియ చివర వస్తుంది. మర్యాద పెరిగేకొద్దీ అది ఇంకా దూరం జరుగుతుంది. నా క్రియ వచ్చేసరికి ఆవిడ ఉండరు.

"సగారె!"

వెనక్కి జరుగు అని. తోక లేదు, తగ్గింపు లేదు. పోలీసులూ సైనికులూ వాడే రూపం. ఇది ఉందని తెలుసుకో, ఎప్పుడూ వాడకు అని ఇవాసె గారు ఒక్కసారి మాత్రం చెప్పిన రూపం. నా గొంతు గుహ చివరి దాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

ఆవిడ ఒక్క అడుగులో వెనక్కి జరిగారు. ఎనభై ఏళ్ళ మనిషి, ఆలోచించకుండా. రెక్కలు ఆవిడ కిమోనో అంచును పట్టుకుని మూసుకున్నాయి. అంచు చిరిగింది. అంతే.

అన్నయ్య అరచేతితో పట్టీ పొడవునా తడిమి చూశాడు. రెండుసార్లు తడిమాడు. "గాలి పోవట్లేదు," అన్నాడు. ఎక్కడో ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు. అసగిరి చప్పట్లు మెత్తగా ఉంటాయి. తర్వాత మావాళ్ళు కలిశారు, ఇక మెత్తదనం లేదు.

పదో పొద్దు

అసగిరి ఇప్పుడు అసగిరిలా లేదు. ప్రతి ఇంట్లో మావాళ్ళు నలుగురైదుగురు. బడిలో కూర్చోవడానికి చోటు లేదు. ఇవాసె గారు రోజంతా మళ్ళీ, మళ్ళీ అంటూ పిల్లల వెనక తిరుగుతున్నారు, ఆవిడ వెన్ను ఇంకా నిటారుగా అయినట్టుంది. మా కప్పుకు బయటి నుంచి అతుకు వేసే పని సాగుతోంది. రెండు ఊళ్ళవాళ్ళూ చేస్తున్నారు. ఊరు నిలబడుతుందని అన్నయ్య ఊరడించే గొంతుతో కాకుండా మామూలు గొంతుతో చెప్పాడు. తిరిగి వెళ్ళాక కూడా ద్వారం పగలంతా తీసే ఉంచాలని సభ తీర్మానించింది. ఆ తీర్మానాన్ని రెండు భాషల్లోనూ చదివింది నేను.

నిన్న అందరికీ కలిపి విందు చేశారు. అప్పటిదాకా నేను కుసునోకి గారికి ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను. అధ్యక్షురాలి మీద అరిచిన దాన్ని. మన్నింపు కోసం నాకు తెలిసిన అన్నింటికంటే లోతైన వాక్యాన్ని తయారుచేసుకుని, చివరికి ధైర్యం చేసి వెళ్ళాను. ఆవిడ మా ఊరి ఆడవాళ్ళ మధ్య కింద కూర్చుని, పక్కన ఇవాసె గారు ఉండగా, పులిహోర తింటున్నారు. బాబాయ్ పక్కనే గిన్నె పట్టుకుని వడ్డిస్తున్నాడు.

వంగి మొదలుపెట్టాను. ఆ రోజు తమ పట్ల నేను ప్రదర్శించిన అమర్యాదకు అంటూ, తోక మీద తోక తగిలిస్తూ, వాక్యం సగానికి వచ్చాను. కుసునోకి గారు నా మణికట్టు పట్టుకుని కిందికి లాగి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. నా పేరు చివర ఇన్నాళ్ళూ మన గారు లాగా పెట్టిన సాన్ తీసేశారు. ఊరికే సుగుణ అన్నారు. తర్వాత రెండే మాటలు. మనవరాలితో అనేంత తేలికగా, మామూలు క్రియలో.

"తసుకత్త యో."

ఇవాసె గారు గబుక్కున అటు తిరిగి టీ పోయసాగారు, కప్పు అప్పటికే నిండి ఉంది.

"ఏటన్నారమ్మా ఆవిడ?" అని బాబాయ్ అడిగాడు.

నేను ఆగి, సరైన మాట వెతుక్కున్నాను. వెతకనక్కర్లేకపోయింది, మన ఇళ్ళలో రోజూ అనుకునేదే.

"బతికించావే అంది, బాబాయ్."